రెండు ఊఫర్లు కాలిన కారు: యాంప్లిఫైయర్ గెయిన్ సెట్టింగ్‌పై ఒక కేస్ స్టడీ

విజయవాడ ఆటోనగర్‌లో కార్ ఆడియో ఫిట్టింగ్ చేస్తుంటాం. మా దగ్గరికి వచ్చే కంప్లయింట్లు చాలావరకు "యాంప్ చాలట్లేదు" అన్న మాటతోనే మొదలవుతాయి. తీరా కొలిచి చూస్తే యాంప్ సరిపడా ఉంటుంది, గెయిన్ (స్టీరియో నుంచి వచ్చే సిగ్నల్‌ని యాంప్ ఎంత పెంచాలో చెప్పే నాబ్) పెట్టిన తీరులోనే తేడా ఉంటుంది. అలాంటి బండి ఒకటి ఈ మధ్య వచ్చింది. స్టీరియో దగ్గర మొదలుపెట్టి ఊఫర్ (బేస్ మోగించే పెద్ద స్పీకర్) దాకా, సిగ్నల్ నడిచే దారిలో ప్రతి చోటా ఎవరో ఒకరు "కొంచెం పెంచి చూద్దాం" అనుకుంటూ పెంచేశారు. గెయిన్ అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకంటే మంచి బండి దొరకదు కాబట్టి, కొలిచిన అంకెలతో సహా రాస్తున్నాను.

బండి ఒక హ్యాచ్‌బ్యాక్. బయట కొనుక్కున్న ఆండ్రాయిడ్ స్టీరియో ఉంది. ముందు డోర్లలో ట్వీటర్లు (సన్నని శబ్దాలిచ్చే చిన్న స్పీకర్లు) విడిగా వచ్చే కాంపొనెంట్ స్పీకర్లు, వెనక డోర్లలో ట్వీటర్ లోపలే ఉండే మామూలు కోయాక్సియల్స్. ఈ నాలుగింటికీ ఒక ఫోర్ చానెల్ యాంప్, చానెల్‌కి 4 ఓంల మీద 60 వాట్లు ఆర్‌ఎంఎస్ (నిలకడగా నడిచే పవర్). డిక్కీలో 12 అంగుళాల ఊఫర్, దానికి క్లాస్ డీ రకం మోనో (ఒకే చానెల్) యాంప్: 2 ఓంల మీద 500 వాట్లు. ఊఫర్‌లో రెండు 4 ఓంల కాయిల్స్ (కోన్‌ని కదిపే రాగి తీగ చుట్టలు). వాటిని ప్యారలల్‌గా కలిపారు కాబట్టి యాంప్‌కి కనిపించే లోడు 2 ఓంలు. ఊఫర్ పెట్టె మీద పెద్దక్షరాల్లో 1200 వాట్లు అని ఉంది. కింద చిన్నక్షరాల్లో ఉన్న ఆర్‌ఎంఎస్ 300 మాత్రమే. మనకు కావాల్సిన అంకె ఆ చిన్నదే.

ఓనర్ ఉయ్యూరు వైపు కుర్రాడు. ఇదే మోడల్ ఊఫర్ అంతకుముందు ఒకటి కాలిపోతే కొత్తది వేయించాడు, అదీ పోయింది. "అన్నా, వెయ్యి వాట్ల యాంప్ వేసెయ్యి, దీంతో బేస్ లాగట్లేదు" అన్నాడు. ఇంకా రెండు కంప్లయింట్లు చెప్పాడు. సౌండ్ పెంచితే పాట పాడే గొంతు పగిలినట్టు వస్తోంది. ఇంజిన్ రేస్ చేస్తే స్పీకర్లలో "కుయ్" మంటూ ఈల మొదలై, రేస్‌తో పాటే పైకి పోతోంది.

కాలిన ఊఫర్‌ని ముందు విప్పి చూశాను. మీటర్ పెడితే ఒక కాయిల్ పూర్తిగా ఓపెన్ (తీగ తెగిపోయింది), రెండోది 1.7 ఓంలు. మామూలుగా 4 ఓంల కాయిల్ డీసీ రెసిస్టెన్స్ మూడున్నర దగ్గర ఉండాలి. కోన్ కోసి తీస్తే కాయిల్ మీది వార్నిష్ నల్లగా మాడి, కింద రెండు మూడు చుట్లు ఊడి, మ్యాగ్నెట్ సందులో గీసుకున్న గీతలు కనిపించాయి. కోన్‌ని వెనక పట్టి ఉంచే స్పైడర్ చెక్కుచెదరలేదు, కోన్ అంచున ఉండే సరౌండ్ చిరగలేదు. అంటే కోన్ హద్దు దాటి ఎగిరి పోయిన కేసు కాదిది. వేడికి పోయింది. కాయిల్‌కి తట్టుకోలేనంత పవర్ చాలాసేపు వెళ్లింది. మరి యాంప్ చాలట్లేదు అనే మాట ఎక్కడ నిలబడుతుంది?

గెయిన్ నాబ్‌కీ వాల్యూమ్‌కీ ఉన్న తేడా ఇక్కడే చెప్పాలి. గెయిన్ నాబ్ చుట్టూ ఉన్న అంకెలు వోల్టులు. ఈ మోనో యాంప్ మీద ఒక చివర 6 వోల్టులు, ఇంకో చివర 0.2 వోల్టులు అని ఉంది. 0.2 దగ్గర పెట్టామంటే, స్టీరియో నుంచి 0.2 వోల్టులు రాగానే యాంప్ తన ఫుల్ పవర్ ఇచ్చేస్తుందని అర్థం. ఫుల్ పవర్ ఎంతన్నది యాంప్ లోపలి పవర్ సప్లై నిర్ణయిస్తుంది. నాబ్ ఎంత తిప్పినా అది ఒక్క వాట్ కూడా పెరగదు. ఆ పవర్ వాల్యూమ్ ఏ అంకె దగ్గర వస్తుందన్నది మాత్రమే నాబ్ చేతిలో ఉంది. ఈ బండిలో నాబ్ ఫుల్లుగా 0.2 మీద ఉంది. స్టీరియో నుంచి వస్తున్నది 2 వోల్టులు. పది రెట్లు, అంటే 20 డెసిబెల్స్ ఎక్కువ. దాని పక్కనే ఉన్న బేస్ బూస్ట్ 12 డెసిబెల్స్ దగ్గర ఉంది. బేస్ బూస్ట్ 3 డెసిబెల్స్ పెంచితే యాంప్ రెట్టింపు పవర్ ఇవ్వాలి, 12 పెంచితే దాదాపు 16 రెట్లు. లేని పవర్ ఎక్కడి నుంచి వస్తుంది? వేవ్ పైన, కింద తెగిపోయి చదునుగా తయారవుతుంది. దాన్నే క్లిప్పింగ్ అంటాం.

క్లిప్పింగ్ స్పీకర్‌ని కాలుస్తుందని అందరూ అంటారు, కారణం మాత్రం తప్పుగా చెబుతుంటారు. చదునైన వేవ్‌లో డీసీ ఉంటుందని, కోన్ అక్కడే ఆగిపోయి కాలుతుందని వింటుంటాను. అసలు లెక్క సగటు పవర్‌ది. ఒకే ఎత్తున్న సైన్ వేవ్ కంటే పూర్తిగా తెగిన స్క్వేర్ వేవ్ రెట్టింపు పవర్ మోస్తుంది. 500 వాట్ల యాంప్ పూర్తిగా క్లిప్ అయితే కాగితం మీద వెయ్యి వాట్ల దాకా పోతుంది. బ్యాటరీ, వైర్లు అంత ఇవ్వనివ్వవు కానీ, 300 వాట్ల కాయిల్‌ని మాడ్చడానికి సరిపోయేంత మాత్రం ఇస్తాయి. దీనికి తోడు రాగి వేడెక్కితే రెసిస్టెన్స్ పెరుగుతుంది. 100 డిగ్రీలు పెరిగితే దాదాపు 40 శాతం. కాయిల్ కాగేకొద్దీ అదే వాల్యూమ్ దగ్గర బేస్ సన్నగిల్లుతుంది. కుర్రాడు "లాగట్లేదు" అన్నది ఇదే. అప్పుడతను ఇంకాస్త పెంచేవాడు, కాయిల్ ఇంకాస్త కాగేది.

ముందు కరెంటు సంగతి

గెయిన్ ముట్టుకునే ముందు వోల్టేజీ చూసి తీరాలి. కొత్త ఊఫర్ తగిలించి, ఇంజిన్ ఆన్‌లో ఉంచి, పాట గట్టిగా పెట్టి బ్యాటరీ దగ్గర కొలిస్తే 13.9. అదే సమయంలో మోనో యాంప్ టెర్మినల్స్ దగ్గర 11.6. మధ్యలో 2.3 వోల్టులు పోతున్నాయి. ఎటు పోతున్నాయో తెలుసుకోవడం తేలిక. మీటర్ ఒక కొస బ్యాటరీ నెగటివ్ మీద, ఇంకో కొస యాంప్ ఎర్త్ టెర్మినల్ మీద పెట్టాలి. పాట మోగుతుండగా అక్కడ 1.4 వచ్చింది. పాజిటివ్ వైపు అలాగే చూస్తే 0.9.

ఎర్త్ బోల్టు విప్పితే కింద పెయింట్ అలాగే ఉంది. వాషర్ అంచు గీరిన చోట మాత్రమే ఇనుము తగులుతోంది. పాజిటివ్ వైరు పైకి లావుగా కనిపిస్తోంది కానీ, చాకుతో కొస గీకితే రాగి పూత కింద తెల్లగా అల్యూమినియం బయటపడింది. ఎర్త్ పాయింట్ దగ్గర పెయింట్ ఇనుము తేలేదాకా గీకి, లగ్ బిగించి, తుప్పు పట్టకుండా పైన గ్రీజు పూశాను. పాజిటివ్‌కి అసలు రాగి 4 గేజ్ వైరు లాగి, బ్యాటరీకి జానెడు దూరంలో 80 ఆంపియర్ల ఫ్యూజు పెట్టాను. తర్వాత కొలిస్తే రెండు వైపులా కలిపి పోతున్నది 0.4 వోల్టులే.

చాలా కార్ యాంప్‌లలో సప్లై తగ్గితే అవుట్‌పుట్ వోల్టేజీ హద్దు కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుంది. 14.4 వోల్టుల దగ్గర 500 వాట్లిచ్చే యాంప్ 11.6 దగ్గర దాదాపు 325 వాట్లకే క్లిప్ అవడం మొదలుపెడుతుంది. వోల్టేజీ పడిపోయిన స్థితిలో గెయిన్ సెట్ చేస్తే ఆ సెట్టింగ్‌కి విలువ లేదు.

రేస్‌తో పాటు వచ్చే ఈల కూడా చాలావరకు ఇక్కడే తగ్గిపోయింది. స్టీరియో నుంచి యాంప్‌కి సిగ్నల్ తెచ్చే ఆర్‌సీఏ వైరు పవర్ వైరు పక్కనే ఒకే వైపు నుంచి వచ్చింది. దాన్ని రెండో వైపుకి మార్చాక, గెయిన్లు దించాక, మిగిలిన కాస్తా పోయింది. గెయిన్ ఫుల్లో ఉంటే లోపలికి దూరిన ప్రతి చిన్న రొద అంత పెద్దదై వినపడుతుంది.

స్టీరియో ఎక్కడ తెగుతోంది

వేవ్ ఆకారాన్ని స్క్రీన్ మీద గీసి చూపించే ఆసిలోస్కోప్, బ్యాటరీతో నడిచే చేతిది, నా దగ్గర ఉంది. ఈ పనికి అది చాలు. యూఎస్‌బీలో డబ్ల్యూఏవీ ఫైళ్లుగా 40 హెర్ట్జ్, 1000 హెర్ట్జ్ టోన్లు, 0 డెసిబెల్స్‌వి (ఫైల్‌లో పట్టే గరిష్ఠ స్థాయి, అదే ఫుల్ స్కేల్) ఒక జత, -5వి ఒక జత పెట్టుకున్నాను. యాంప్ దగ్గర ఆర్‌సీఏ ఊడదీసి, దాన్నే స్కోప్‌కి తగిలించాను.

మొదట కుర్రాడి సెట్టింగ్ ఏదీ మార్చకుండా చూశాను. ఈక్వలైజర్‌లో బేస్ 8 డెసిబెల్స్ పైకి ఉంది, లౌడ్‌నెస్ (బేస్‌ని ఇంకాస్త పెంచే ఆప్షన్) ఆన్. వాల్యూమ్ 40 దాకా ఉంది. 40 హెర్ట్జ్ టోన్ 23 దగ్గరే తల తెగడం మొదలైంది. "నువ్వు ఎంతలో పెట్టి వింటావు తమ్ముడూ?" అంటే "ముప్పై పైనే అన్నా" అన్నాడు. ముప్పై దగ్గర స్క్రీన్ మీద వేవ్ బల్లపరుపుగా, పక్కలు నిటారుగా నిలబడింది. యాంప్ దాకా పోకముందే సంగతి అయిపోయింది.

గొంతు పగలడానికి కారణం కూడా ఆ స్క్రీన్ మీదే దొరికింది. 40 హెర్ట్జ్ బేస్ క్లిప్ అయితే అందులోంచి 120, 200, 280 హెర్ట్జ్ అంటూ కొత్త స్వరాలు పుడతాయి. ముందు స్పీకర్ల యాంప్‌లో హై పాస్ ఫిల్టర్ (కింది శబ్దాల్ని ఆపేది) 80 హెర్ట్జ్ దగ్గర పెట్టుకున్నా ఇవి ఆగవు, 80కి పైన ఉన్నాయి కాబట్టి నేరుగా డోర్ స్పీకర్లలోకి వెళ్లి గొంతు మీద పడతాయి. స్టీరియోలో తెగిన వేవ్‌ని యాంప్ గెయిన్ తగ్గించి బాగు చేయలేం. మాడిన కూరలో నీళ్లు పోస్తే మాడు వాసన పోదు కదా, ఇదీ అంతే. చిన్నదైన వేవ్ కూడా తెగిన వేవే.

లౌడ్‌నెస్ ఆపి, ఈక్వలైజర్ మొత్తం సున్నాకి తెచ్చి, ఫేడర్ (ముందు, వెనక స్పీకర్లకి సౌండ్ పంచేది) మధ్యలో పెట్టి మళ్లీ చూశాను. ఇప్పుడు 1000 హెర్ట్జ్ 34 దగ్గర, 40 హెర్ట్జ్ 33 దగ్గర తెగుతున్నాయి. కాబట్టి ఈ స్టీరియోకి శుభ్రమైన గరిష్ఠం 32. అక్కడ ఆర్‌సీఏలో 1.9 వోల్టులు వస్తోంది. స్టీరియో పెట్టె మీద 4 వోల్టులు అని రాసి ఉంది. ఆ మాట నమ్మి గెయిన్ నాబ్‌ని 4 అంకె ఎదురుగా పెట్టి ఊరుకుంటే ఈ బండికి సౌండ్ నిజంగానే చాలేది కాదు. అందుకే అంకె చూసి నాబ్ పెట్టే పద్ధతి మీద నాకు నమ్మకం లేదు.

యాంప్‌ల దగ్గర

కావాల్సిన వోల్టేజీకి లెక్క చిన్నదే. వాట్లని ఓంలతో గుణించి వర్గమూలం తీయాలి. మోనో యాంప్ 500 వాట్లు ఇవ్వగలదు కదా అని 500కి లెక్క కడితే 31.6 వోల్టులు. కానీ కొత్తగా పెట్టే ఊఫర్ కూడా 300 వాట్లదే. 300ని 2తో గుణిస్తే 600, దాని వర్గమూలం 24.5. నా టార్గెట్ ఇదే. లెక్క ఎప్పుడూ రెండింట్లో చిన్నదానికి కట్టాలి.

ఊఫర్ వైర్లు విప్పేశాను. బేస్ బూస్ట్ సున్నా, లో పాస్ (పై శబ్దాల్ని ఆపేది) 80 హెర్ట్జ్, సబ్‌సోనిక్ ఫిల్టర్ (మరీ కింది శబ్దాల్ని ఆపేది) 25 దగ్గర. డ్యాష్‌బోర్డు కింద ఉండే బేస్ నాబ్‌ని ఫుల్లుగా తిప్పి ఉంచాను. ఇది చాలామంది పట్టించుకోరు. ఆ నాబ్ సగంలో ఉండగా గెయిన్ సెట్ చేస్తే, ఓనర్ దాన్ని ఫుల్ తిప్పిన రోజున లెక్కంతా దాటిపోతుంది. ఫుల్లులో సెట్ చేస్తే ఆ తర్వాత అతను ఎటు తిప్పినా తగ్గడమే తప్ప పెరగడం ఉండదు. గెయిన్ పూర్తిగా దించి, 40 హెర్ట్జ్ 0 డెసిబెల్స్ టోన్ పెట్టి, స్టీరియో వాల్యూమ్ 32కి తెచ్చి, స్క్రూడ్రైవర్‌తో మెల్లగా పెంచుతూ పోయాను. 24.5 వోల్టుల దగ్గర ఆపాను. వేవ్ గుండ్రంగా ఉంది. నాబ్ చూస్తే సగానికి కాస్త ఇవతల ఉంది. మొన్నటిదాకా ఫుల్లో ఉన్న నాబ్ అది.

తర్వాత ఊఫర్ తగిలించి, అదే టోన్‌ని రెండు మూడు సెకన్లు మాత్రమే మోగించి స్కోప్‌లో మళ్లీ చూశాను. లోడు పడ్డాక సప్లై కొంచెం కుంగుతుంది కాబట్టి ఈ చెకింగ్ అవసరం. ఇక్కడా వేవ్ శుభ్రంగానే ఉంది. యాంప్ హద్దు 31.6, మనం వాడుతున్నది 24.5, మధ్యలో రెండు డెసిబెల్స్ పైచిలుకు ఊపిరి మిగిలింది. టోన్‌ని అంతకంటే ఎక్కువసేపు మోగించవద్దు. పాట కాయిల్‌కి మధ్యమధ్య చల్లారే సందు ఇస్తుంది, టోన్ ఇవ్వదు.

స్కోప్ వాడేవాళ్లకి ఒక జాగ్రత్త. చాలా మోనో యాంప్‌లలో స్పీకర్ నెగటివ్ టెర్మినల్ ఎర్త్ కాదు, అందులోనూ సిగ్నల్ ఉంటుంది. గోడ కరెంటుతో నడిచే స్కోప్ ఎర్త్ క్లిప్‌ని అక్కడ పెడితే యాంప్ పోయే ప్రమాదం ఉంది. బ్యాటరీ స్కోప్ వాడినా క్లిప్ గానీ, స్పీకర్ నెగటివ్ గానీ బండి బాడీకి తగలకుండా చూసుకోవాలి.

స్కోప్ లేదంటే మల్టీమీటర్‌తో చేయొచ్చా? ఊఫర్ వరకు ఫర్వాలేదు. మామూలు మీటర్లు ఇంటి కరెంటు 50 హెర్ట్జ్‌కి తగ్గట్టు చేసినవి కాబట్టి 40, 50 హెర్ట్జ్ టోన్ దగ్గర ఏసీ వోల్టులు సరిగానే చూపిస్తాయి. 1000 హెర్ట్జ్ దగ్గర చవక మీటర్లు చాలా తక్కువ చూపిస్తాయి, అది నమ్మి పెంచుకుంటూ పోతే మళ్లీ మొదటికే వస్తాం. ఇంకో లోటు, మీటర్‌కి అంకె తప్ప వేవ్ ఆకారం తెలియదు. అంకె సరిపోయినా వేవ్ అప్పటికే తెగి ఉండొచ్చు.

ముందు స్పీకర్లకి 60 వాట్లు, 4 ఓంలు. 240కి వర్గమూలం 15.5 వోల్టులు. ఇక్కడ మాత్రం 0 డెసిబెల్స్ టోన్ కాకుండా -5 టోన్ వాడాను. సినిమా పాటలో గొంతు, వాయిద్యాలు కలిసి ఉండే భాగం ఫుల్ స్కేల్‌లో నిలకడగా మోగదు. 0 టోన్‌తో సెట్ చేస్తే గొంతు వెనకపడినట్టు ఉంటుంది, పాత రికార్డింగుల్లో మరీను. -5తో గెయిన్ 5 డెసిబెల్స్ పైన ఆగుతుంది. అప్పుడప్పుడూ ఏ డప్పు దెబ్బకో క్షణకాలం క్లిప్ అవ్వొచ్చు, దాంతో కాయిల్ వేడెక్కదు. ఊఫర్‌కి ఈ సడలింపు ఇవ్వలేదు. ఈ రోజుల్లో వచ్చే పాటల్లో బేస్ ఫుల్ స్కేల్‌ని ఆనుకునే, అదీ ఆగకుండా మోగుతుంది. పైగా ఈ బండి చరిత్ర మనకు తెలుసు. వెనక డోర్లని ముందువాటి కంటే బాగా దించి పెట్టాను.

చివర్లో చెవితో సర్దడం. ఊఫర్ పోలారిటీ (ప్లస్, మైనస్ వైర్లు) అటూ ఇటూ మార్చి విని, డ్రైవర్ సీట్లో బేస్ ఎటు బిగువుగా వస్తే అటు ఉంచాను. ఈ దశలో ఏదైనా ఎక్కువ అనిపిస్తే దించడమే. పైకి పోవడానికి వీల్లేదు, పై హద్దులు కొలిచి పెట్టుకున్నవి కదా.

ఓనర్ ఏమన్నాడు

మొదటి మాటే "అన్నా, సౌండ్ తగ్గిపోయింది" అని. వాల్యూమ్ 15లో పెట్టి అన్నాడు. అతను అన్నది నిజమే. గెయిన్ ఫుల్లో ఉన్నప్పుడు 15లోనే యాంప్ హద్దుకి చేరేది, అక్కడి నుంచి 40 దాకా పెరిగింది గోల ఒక్కటే. ఇప్పుడు అదే హద్దు 32 దగ్గర వస్తుంది. "ముప్పైలో పెట్టి విను" అన్నాను. పెట్టాడు. డోరు ప్యానెల్ గడగడలాడటం లేదు, గొంతు విడిగా, స్పష్టంగా ముందుకు వచ్చింది, బేస్ ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతోంది. పాట అయ్యేదాకా మాట్లాడలేదు. యాంప్ మార్చే మాట మళ్లీ ఎత్తలేదు. 500 వాట్ల యాంప్‌నే 300కి కట్టిపెట్టిన బండికి వెయ్యి వాట్లు దేనికి?

కొన్నాళ్లకి ఫోన్ చేసి, బ్లూటూత్‌లో సౌండ్ రావట్లేదు, 38 దాకా పెట్టాల్సి వస్తోంది అన్నాడు. బండి తెమ్మన్నాను. ఫోన్‌లో మీడియా వాల్యూమ్ సగంలో ఉంది. పైగా పాటల యాప్‌లో ఈక్వలైజర్ ఆన్ చేసి బేస్ పెంచుకున్నాడు. అంటే స్టీరియోలో తీసేసిన జబ్బు ఫోన్‌లోంచి తిరిగి వచ్చిందన్నమాట. ఫోన్ వాల్యూమ్ ఫుల్లు పెట్టించి, యాప్‌లో ఈక్వలైజర్ ఆపించాను. పాటలన్నీ ఒకే సౌండ్‌లో వచ్చేలా చేసే నార్మలైజేషన్ ఆప్షన్ కొన్ని యాప్‌లలో ఉంటుంది, దానివల్ల లెవెల్ కొంత తగ్గుతుంది. అది ఆన్‌లోనే ఉంచమన్నాను, పాట పాటకీ వాల్యూమ్ తిప్పే పని తప్పుతుంది. ఆ సెట్టింగ్‌తో బ్లూటూత్‌లో 32 చాలింది. అదే రోజు ఊఫర్ కాయిల్స్ కొలిచాను. రెండూ 3.5 ఓంలు, కొత్తలో ఎంత ఉన్నాయో అంతే.

బండి ఇచ్చేటప్పుడు ఒక కాగితం మీద వాల్యూమ్ హద్దు 32, ఊఫర్ 24.5 వోల్టులు, ముందు స్పీకర్లు 15.5 వోల్టులు -5 టోన్‌తో, ఈక్వలైజర్ సున్నా అని రాసి డిక్కీలో మోనో యాంప్ పక్కన అంటించాను. గెయిన్ నాబ్‌ల పక్కన మార్కర్‌తో గీత పెట్టాను, ఎవరైనా కదిపితే తెలిసిపోతుంది. బ్లూటూత్ సంగతి తేలాక, ఈక్వలైజర్‌లో బేస్ కొంచెం కావాలని అడిగితే 2 డెసిబెల్స్ ఇచ్చి, ఆ సెట్టింగ్‌తో స్టీరియో ఎక్కడ తెగుతోందో మళ్లీ చూశాను. 30 దగ్గర తెగింది. కాగితం మీద 32 కొట్టేసి 29 అని రాశాను, మోనో గెయిన్‌ని 29 దగ్గర మళ్లీ 24.5 వోల్టులకి, ఫోర్ చానెల్‌ని కూడా 29 దగ్గర 15.5కి తెచ్చి కొత్త గీతలు పెట్టాను. స్టీరియో మార్చినా, ఊఫర్ మార్చినా, రెండు కాయిల్స్‌ని సిరీస్‌లో కలిపి 8 ఓంలు చేసినా ఆ కాగితం చెల్లదు. అప్పుడు బండి తీసుకురమ్మని చెప్పాను.